నిశ్చితార్థంలో సరేనక్క ఓదార్పు

ఆమె అసలు పేరు చర్చి సంఘం రిజిస్టరులో తప్ప ఎక్కడా మిగల్లేదు. ఊరందరికీ ఆమె సరేనక్క. "అక్కా, ఆదివారం బడి పిల్లలకి..." అని అడిగేవాళ్ళు మాట పూర్తిచేసేలోపే "సరేనమ్మా" అనేసేది. వృత్తి కుట్టుపని. మెడలో టేపు, భుజాన నాలుగు గుండుసూదులు తగిలించుకునే ప్రార్థనలకు పరిగెత్తేది.

ఈ సరేలన్నిటికీ మూలం ఒక జ్వరం. మూడేళ్ళ కిందట ఒక శుక్రవారం ఒళ్ళు కాలిపోతుంటే ప్రార్థన కూటానికి వెళ్ళలేదు. సరిగ్గా ఆ రోజే, పదకొండేళ్ళుగా మాటల్లేని అక్కచెల్లెళ్ళిద్దరు ప్రార్థన మధ్యలో లేచి ఒకరినొకరు పట్టుకుని బావురుమన్నారట. కుర్చీలు పడిపోయాయట. పాస్టరుగారు కూడా ప్రార్థన ఆపేసి కళ్ళు తుడుచుకున్నారట. నెల రోజులపాటు ఎదురైనవాళ్ళంతా "అబ్బ, నువ్వుండాల్సిందక్కా!" అనేవాళ్ళే. తాను లేనప్పుడు చూసి దేవుడు వచ్చి వెళ్ళిపోతే ఎలా? ఆ భయం ఆమెకు ముల్లులా గుచ్చుకుంది.

అంతే, గాయక బృందం, ఆదివారం బడి, స్త్రీల కూటం, పువ్వుల అలంకరణ, పరామర్శ బృందం, ఉపవాస ప్రార్థన, బాప్తిస్మం తరగతి, అన్నిట్లోనూ చేరింది. రెండు పడవల మీద కాళ్ళు పెట్టకూడదంటారు. ఆమెకు పడవలు ఏడు, కాళ్ళు మాత్రం రెండే. ఇళ్ళకు రంగులేసే ఆమె భర్త ఒకరోజు నిట్టూర్చాడు. "నిన్ను చూడాలంటే నేనూ ఏదో ఒక బృందంలో చేరాలేమో!"

"చేరండి, పువ్వులకు మనిషి తక్కువగా ఉంది" అంది ఆమె, నిలబడే అన్నం తింటూ.

ఆ శనివారం ఆమెకు రెండిళ్ళలో ప్రార్థన ఉంది. ఒక ఇంట్లో పెద్దాయన పోయారు. ఇంకో ఇంట్లో నిశ్చితార్థం. చిరునామాలు రెండూ కొలతలు రాసుకునే చీటీల వెనకే రాసుకుంది. చేతికందిన చీటీ పట్టుకుని ఆదరాబాదరాగా మూడంతస్తులు ఎక్కింది. తలుపు తీసే ఉంది. లోపల ముప్పైమంది ఉన్నారు, ఒక్కరూ కదలడం లేదు. ముసలావిడ కళ్ళు ఒత్తుకుంటోంది. పాపం, అనుకుంది సరేనక్క. ఆ మూల నిలబడ్డ ఫొటోగ్రాఫరు "ఎవరూ కదలొద్దు" అన్నాడని, ముసలావిడ కంట్లో నలక పడిందని ఆమెకేం తెలుసు!

గబగబా వెళ్ళి ముసలావిడ చేతులు పట్టుకుని కళ్ళు మూసుకుంది. "ప్రభువా, ఈ కుటుంబం మీద హఠాత్తుగా వచ్చి పడిన ఈ దెబ్బను ఓర్చుకునే శక్తినివ్వు. ఆయన చాలా మంచివాడు. ఇక ఆయనకు నొప్పి లేదు, బాధ లేదు. మిగిలినవాళ్ళకే తండ్రీ, ఓదార్పు కావాలి..."

కళ్ళు తెరిచేసరికి ఎదురుగా ఒక నీలం కోటు. బుధవారం తానే కాజాలు కుట్టిన కోటు! దాని లోపల పెళ్ళికొడుకు.

"అక్కా, నేను పోయానా?" అన్నాడు అతను, నోరు వెళ్ళబెట్టి.

"ఆమేన్!" అంది ముసలావిడ గట్టిగా. "నలభై తొమ్మిదేళ్ళు కాపురం చేసినదాన్ని. ఇంత నిజమైన పెళ్ళి ప్రార్థన ఎక్కడా వినలేదు!"

ఇల్లంతా గొల్లున నవ్వింది. పెళ్ళికూతురు నవ్వలేక గోడకు ఆనుకుపోయింది. సరేనక్క మొదట నాలుక్కరుచుకుంది, తర్వాత సిగ్గుతో ముఖం కప్పుకుంది, ఆ తర్వాత ఆమెకూ నవ్వు ఆగలేదు. పొట్ట పట్టుకుని నవ్వుతూ కుర్చీలో కూలబడింది.

"అయ్యో, అవతల చావింటికి వెళ్ళాలి" అంటూ లేవబోయింది.

"పోయినాయన ఎక్కడికీ వెళ్ళడులే, కూర్చో" అని ముసలావిడ భుజం నొక్కి కూర్చోబెట్టింది. చాలా రోజుల తర్వాత సరేనక్క కూర్చుని అన్నం తింది.

చావింటికి చేరేసరికి గంటన్నర ఆలస్యమైంది. చెప్పులు విడిచి లోపలికి తొంగిచూసింది. పోయినాయన భార్య పక్కన తమ సంఘంలోని మనిషే, రిటైరైన బస్సు కండక్టరు కూర్చుని ఉన్నాడు. పోయినాయన రోజూ తన బస్సులో నిద్రపోయి స్టాపు ఎలా దాటిపోయేవాడో చెబుతున్నాడు. ఆ ఇల్లాలు ఏడుస్తూనే నవ్వుతోంది.

సరేనక్కను చూసి కండక్టరు తప్పుచేసినవాడిలా లేచి నిలబడ్డాడు. "ఏమీ అనుకోకమ్మా, పిలవకుండా వచ్చేశాను. పరామర్శ బృందంలో చేరతానని రెండేళ్ళుగా అడుగుతున్నా. అన్ని పనులూ అక్కే చూస్తోంది, ఖాళీ లేదన్నారు."

"ఏ అక్క బాబాయ్?" అంది సరేనక్క.

ఆయన మొహమాటంగా ఆమె మెడలోని టేపు వైపు చూశాడు.

ఆ రాత్రే భర్త ఆమెకు "కాదు" అనడం నేర్పించాడు. "రేపు నాతో నిచ్చెనెక్కి రంగేస్తావా?" "సరే... కాదు, కాదు, వెయ్యను!" మర్నాడు పాస్టరుగారి ముందు నిలబడి ఐదు బృందాలు ఒక్క గుక్కలో వదిలేసింది. గాయక బృందం, ఆదివారం బడి మాత్రం ఉంచుకుంది. "అమ్మయ్య, పువ్వుల కోసం ముగ్గురు కాచుక్కూర్చున్నారమ్మా" అంటూ పాస్టరుగారు ఆమె రాసుకొచ్చిన కాగితం అందుకున్నారు. ఆ "అమ్మయ్య" ఆమెకు కాస్త చురుక్కుమంది. అయినా నవ్వొచ్చేసింది.

మరుసటి శనివారం నాలుగింటికి పరామర్శ బృందం ఆమె లేకుండా, ఆమె బదులు చేరిన కండక్టరు బాబాయితో ఆసుపత్రికి వెళ్ళింది. ఆమెకు ప్రాణం కొట్టుకుపోయింది. ఆసుపత్రిలో ఇప్పుడేం జరుగుతోందో! రెండుసార్లు చెప్పులేసుకుంది, రెండుసార్లు విప్పేసింది. చివరికి బట్టలు కత్తిరించే బల్ల మీద తలవాల్చి హాయిగా నిద్రపోయింది.

సాయంత్రం కండక్టరు బాబాయి వెలిగిపోతున్న ముఖంతో వచ్చాడు. ఆసుపత్రిలో మంచం మంచానికీ "రైట్, రైట్" అంటూ వెళ్ళాడట. అలిగి మందు మింగనంటున్న ఒకాయన నవ్వాపుకోలేక మింగేశాడట.

"ఉండండి బాబాయ్" అంటూ ఆమె మిషను ఆపి కుర్చీ ముందుకు జరిపింది. "ఆయన ఎందుకు అలిగాడో అక్కణ్ణుంచి చెప్పండి."