కవరు తీయని కూలర్

ఈ రెండు చేతులతోనే నేను ఒక కొత్త కంప్యూటర్‌కు పందొమ్మిది రోజులు జ్వరం తెప్పించాను. దాన్ని దోమ కుట్టలేదు, అది వానలో తడవలేదు. అంతా నా తెలివే. మీరు నవ్వుకోవడానికే చెబుతున్నాను గానీ, నవ్వే ముందు మీ ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద ప్లాస్టిక్ కవరు ఇంకా ఉందేమో చూసి రండి. ఉంటే మనం మనం ఒకటి.

మౌలాలి రైల్వే క్వార్టర్లలో మా గోడకు ఆనుకున్న గోడ యాకూబ్ వాళ్లది. వాళ్లింట్లో ఒక కంప్యూటర్, దాని ముందు ఒక కుర్చీ. వాడు గోడ మీద తట్టగానే నేను పరిగెత్తేవాణ్ణి. కుర్చీలో చెరి సగం కూర్చుని ఆడీ ఆడీ, వాడు కుడికీ నేను ఎడమకూ వంగిపోయాం. పెద్దయ్యాక వాడికీ రైల్వేలోనే ఉద్యోగం వచ్చి గుంతకల్ వెళ్లాడు. ఇప్పుడు ఆ గోడ అవతల ఉన్నవాళ్లు చాలా మర్యాదస్తులు. ఒక్కసారి కూడా తట్టరు.

ఒకరోజు యాకూబ్ ఫోన్ చేశాడు. "అరె శీనూ, వచ్చే నెల నుంచి నాకు రాత్రి డ్యూటీ. అప్పటిదాంక సాయంత్రాలు ఖాళీనే. నువ్వు సుత ఒక సిస్టమ్ తీస్కో, ఆన్‌లైన్ల ఆడుకుందాం."

"ఏది తీస్కోవాలె?"

"ఆరు కోర్ల ప్రాసెసర్, అంటే ఆరు మెదళ్లున్నది చాలు. మిగిలిన పైసలతోని మంచి ఎయిర్ కూలర్ తీస్కో. ప్రాసెసర్ మీద కూసోని దాన్ని చల్లగ ఉంచేది అదే. జెర నా మాట విను."

విన్నాను. పార్క్‌లేన్‌లో కంప్యూటర్ల దుకాణం మెట్లు ఎక్కేదాకా విన్నాను. లోపల ఆరు కోర్ల డబ్బా పక్కనే పన్నెండు కోర్ల డబ్బా పెళ్లికొడుకులా మెరుస్తూ కనిపించింది. ఆరుకు పన్నెండు రెట్టింపు కాబట్టి ఉన్న కొద్ది సాయంత్రాలు కూడా రెట్టింపు అవుతాయని నా లెక్క.

"ఏం పనికన్నా?" అన్నాడు దుకాణదారు.

"దోస్తుతోని ఆటాడనీకి."

"దానికి ఆరు చాలు గదన్నా. ఈ పన్నెండుది జెర గరం మనిషి. డబ్బాల కూలర్ సుత రాదు, వేరే కొనాలె."

"పన్నెండే ఇయ్యి. కూలర్ మాత్రం సస్తాది చూపియ్యి."

గుర్రం కొని జీనుకు బదులు గోనెసంచి అడిగినవాణ్ణి చూసినట్టు చూసి, ఒంటి ఫ్యాను కూలర్ తీశాడు. "ఇది సరిపోతది గని బరాబర్ బిగించాలె. నేనే బిగించి ఇయ్యాల్నా?"

"వద్దు, నాకొస్తది" అన్నాను. నా పతనం ఈ మాటతోనే షురూ అయింది.

కూలర్ అంటే రాగి అడుగు, దానిపైన రేకుల గోపురం, పక్కన ఫ్యాను. రాగి అడుగును ప్రాసెసర్ మీద ఆనిస్తే అది వేడిని పైకి లాగుతుంది, రెండింటి మధ్య కాస్త పేస్టు పూయాలి. ఆ అడుగున అద్దంలాంటి ప్లాస్టిక్ పొర అంటించి ఉంది. బిగించే ముందు తీసేయమని దాని మీద ఎర్ర అక్షరాలతో రాసి ఉంది. చదివాను. గమనించండి, చదివాను! కానీ మాది రిమోట్‌కు కవరు, సోఫాకు కవరు, ఆ సోఫా కవరు మీద ఇంకో కవరు ఉన్న ఇల్లు. ముఖం చూసుకునేలా మెరుస్తున్న రాగికి ఆ జిడ్డు పేస్టు పూయడానికి మనసొప్పలేదు. పాతబడ్డాక తీద్దాంలే అనుకుని, పొర మీదే పేస్టు పూసి బిగించేశాను.

సాయంత్రం ఏడయింది. చెవుల్లో యాకూబ్ గొంతు. నెలల తర్వాత, పక్కనే కూర్చున్నట్టు.

"ఎడమ దిక్కు చూడు శీనూ, ఎడమ దిక్కు..."

ఠప్.

"ఏమైందిరా?" అన్నాడు ఫోన్‌లో.

"గరమై బంద్ అయింది."

"సల్లగైనంక రా మరి."

పావుగంట ఆగితే పది నిమిషాలు నడిచేది. పందొమ్మిది రోజులూ అదే తంతు. ఆట పోతే పోయింది, మాటలు కూడా మధ్యలోనే తెగేవి. "ఈడ ఒక్కనికే వండుకుని తినాలంటే శీనూ..." అన్నాడొకసారి. ఠప్. ఆ వాక్యం చివర ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు.

చౌక కూలర్‌ను తిట్టాను. కంప్యూటర్ డబ్బా పక్క రేకు ఊడదీసి టేబుల్ ఫ్యాన్ పెట్టాను. అమ్మ వచ్చి నిలబడింది.

"ఏందిరా, మనుషులకు గాలి లేదు గని దీనికి రెండు ఫ్యాన్లా?"

"తొంభై అయిదు డిగ్రీలున్నదమ్మా."

"అయితే ఎసరొచ్చినట్టే. బియ్యం కడిగి తేవాల్నా?"

ఇరవయ్యో రోజు ఆదివారం. పొద్దున్నే యాకూబ్ స్క్రూడ్రైవర్‌తో గుమ్మంలో ఉన్నాడు. "ఎంత సన్నబడ్డవ్ బిడ్డా!" అంది అమ్మ. వాడు టీ కూడా తాగకుండా కూలర్ ఊడదీసి, తిప్పి చూసి, మెల్లగా నేల మీద కూలబడ్డాడు.

"శీనూ, ఇదేంది?"

"కవరు."

"ఎందుకున్నది?"

"కొత్తది గదా..."

వాడు కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. కంగారుగా వచ్చిన అమ్మ కూలర్‌ను చేతిలోకి తీసుకుని చూసి, "మంచిగనే ఉంచిండు గదరా! గీత సుత పడలే" అంది.

యాకూబ్ ఒక్క లాగుతో పొర పీకి, కొత్తగా పేస్టు పూసి బిగించాడు. అరవై డిగ్రీలు. సస్తా కూలర్ పాపం మొదటి నుంచీ నిర్దోషి. ఇంట్లో ఉన్నది ఒకే సిస్టమ్, ఒకే కుర్చీ. ఇద్దరం పెద్దయ్యాం కాబట్టి చెరి సగం కాస్తా చెరి పావు అయింది. సాయంత్రం బండికి వాడు వెళ్లిపోయాడు. ఆ వారమే వాడి రాత్రి డ్యూటీ మొదలైంది. నా సిస్టమ్ మాత్రం మంచుగడ్డలా నడుస్తోంది, అవతల ఎవరూ లేకుండా.

మొన్న డ్యూటీకి బయలుదేరుతూ ఫోన్ చేశాడు. "ఎట్లున్నది నీ సిస్టమ్?"

"మళ్ల పరేషాన్ చేస్తున్నదిరా. తొంభై చూపిస్తున్నది. ఒకసారి వచ్చి చూడరాదు?"



"శీనూ, నువ్వు ఆన్‌లైన్ల ఉంటే నీ పేరు పక్కన పచ్చ చుక్క నాకు ఫోన్ల కనపడతది. ఆరింటికి ఎక్కినవ్. ఎనిమిదైంది. ఒక్కసారి సుత బంద్ కాలే."

నేను గబుక్కున సిస్టమ్ బంద్ చేశాను.

"ఆదివారం వస్త తియ్" అన్నాడు. "కానీ ఉత్తగ వస్తే మా సారు సెలవియ్యడు. నిజంగ ఏదన్న ఖరాబ్ చేసి పెట్టు."

కాబట్టి పాఠక మహాశయులారా, మెరిసే రాగి మీద ఒట్టేసి ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో మళ్లీ కూలర్ అడుగున పొర ఉంచను. ఆదివారానికి వేరే తప్పు చేసుకుంటాను.