రాజకీయం మాట్లాడని రేడియో

మా ఆయన హైస్కూల్లో సైన్సు మాస్టారు. నేను జమ్మలమడుగు మిషన్ ఆస్పత్రిలో నర్సును. పెళ్లయిన కొత్తలోనే ఆయన నాకు చెప్పేశాడు: "నాకు తాగుడు లేదు, పేకాట లేదు. రేడియో ఒకటుండాది. దాన్ని మాత్రం నువ్వు ఓర్చుకోవల్ల."

పాటలు వినే రేడియో అనుకుని సరేనన్నాను. తీరా చూస్తే అది హామ్ రేడియో. పరీక్ష రాసి, ప్రభుత్వం దగ్గర లైసెన్సు తీసుకుని, ముక్కూమొగం తెలియని మనుషులతో గాలిలో మాట్లాడుకునే సరదా.

మా ఇంటి పక్కనే ట్రాన్స్‌ఫార్మర్ ఉండేది. సెట్టు ఆన్ చేస్తే మనుషుల గొంతుల కంటే దాని రొదే ఎక్కువ. అందుకని ఆదివారం చర్చి అయ్యాక, క్యారియర్‌లో పెరుగన్నం పెట్టుకుని, మా పాత కారులో ప్రొద్దుటూరు పోయేవాళ్లం. అక్కడ ఒక పార్కులో కరెంటు తీగలకు దూరంగా కారు ఆపేవాడు. రేడియో ఏరియల్ తీగ చివర రాయి కట్టి వేపకొమ్మ మీదికి విసిరేవాడు. నాలుగోసారికో ఐదోసారికో పడేది. ఒకసారి నా నెత్తిన పడబోయింది కూడా. ఆ పైన సెట్టును కారు బ్యాటరీకి తగిలించి మైకు పట్టుకున్నాడంటే ఆ మొహం చూడాల్సిందే. క్లాసులో పిల్లల్ని గడగడలాడించే మనిషి, హుబ్లీ నుంచి ఎవరో పలికితే "పలికినాడు, పలికినాడు!" అని నా మోచెయ్యి పట్టుకుని ఊపేసేవాడు. ఎవరితో ఏ వేళకు మాట్లాడిందీ పుస్తకంలో రాయడం నా పని.

అవి ఫ్యాక్షన్ రోజులు. ఎన్నికలు దగ్గర పడితే మా ఆస్పత్రిలో కట్లకు గుడ్డ చాలేది కాదు. అలాంటప్పుడు చెట్టు మీద తీగ, కారులో మైకు కనిపిస్తే ఎవరికైనా అనుమానం రాదా? ఎలక్షన్లు అయ్యేదాకా మానుకోమన్నాను. "లైసెన్సు ఉండాది గదా" అన్నాడు.

ఆ మాటన్న ఆదివారం మధ్యాహ్నమే ఒక జీపు వచ్చి మా కారుకు అడ్డంగా ఆగింది. ఆరుగురు దిగారు. వాళ్లలో పెద్దవాడికి నలభై ఏళ్లుంటాయేమో, కిటికీలో తల పెట్టాడు.

"ఏంది సారూ ఇది? మా జీపులు యాడ పోతాండాయో ఎవురికి చెప్తాండావు?"

మా ఆయన లైసెన్సు తీసి ఇచ్చాడు. "ఇది ఊరికే మాట్లాడుకునేదానికప్పా. ఎవురైనా ఇనచ్చు. దీంట్లో రాజకీయం మాట్లాడకూడదని రూలు."

"రాజకీయం లేకుండా ఇంతసేపు ఏం మాట్లాడతారు?" వెక్కిరింపు కాదు, నిజంగానే అర్థంకాక అడిగాడు.

మా ఆయన చెవిలోని ఇయర్‌ఫోను పీకేసి స్పీకర్ పెట్టాడు. వారం వారం పలికే హుబ్లీ పెద్దాయన కన్నడం కలిసిన తెలుగులో తన మేడ మీది బీరపాదు గురించి చెబుతున్నాడు. పూత వస్తోందట, పిందె నిలవడం లేదట. ఆరుగురూ వంగి విన్నారు. వెనకున్న ఒకడు ఉండబట్టలేక, "బూడిద చల్లమను సారూ" అన్నాడు. మిగతావాళ్లు గొల్లుమన్నారు.

పెద్దవాడు మాత్రం నవ్వలేదు. నా వైపు చూశాడు. "నువ్వు ఆస్పత్రి సిస్టరమ్మ గదా? నా చెయ్యికి కుట్లేసినప్పుడు నువ్వే ఉండావు."

"గుర్తు లేదప్పా. ఎన్ని చేతులని గుర్తు పెట్టుకునేది?" అన్నాను.

అతను లైసెన్సు తిరిగి ఇచ్చేసి, జీపు తియ్యమన్నాడు.

మరుసటి ఆదివారం ఒక్కడే నడిచి వచ్చాడు. "వెనక సీట్లో కూర్చుంటా సారూ. రేడియో ఇంటా, అంతే" అన్నాడు. పులివెందుల దగ్గరి పల్లె వాడట. పగల వల్ల ఇంటి మొహం చూసి ఎనిమిది నెలలైందట. మా పెరుగన్నం కాస్త పెడితే తిన్నాడు.

"హుబ్లీలో గూడా ఊరికి రెండు పార్టీలుంటాయా సారూ?"

"అట్లాంటివి అడగకూడదప్పా."

"వద్దులే. బీరకాయలు కాసినాయేమో అడుగు."

ఆ తర్వాతి వారం, వింటూ వింటూనే నిద్రపోయాడు. ఎవరు వస్తున్నారోనని నిమిషానికోసారి వెనక్కి చూసుకునే మనిషి, అద్దానికి తల ఆనించి, నోరు తెరుచుకుని. మా ఆయన సెట్టు ఆపేశాడు. నాకు జ్వరమొచ్చిన రోజు కూడా ఆపని సెట్టు అది! "పాపం, పండుకోనీ" అన్నాడు గుసగుసగా.

ఎన్నికలయ్యాయి. అతను రావడం మానేశాడు. పులివెందుల వైపు కొట్లాటలని పేపర్లో పడితే మా ఆయన ఒక్కో పేరూ వేలు పెట్టి చదివేవాడు. పేపరు మడిచి బడికి పోయేవాడు.

ఏడాది దాటాక ఒక పొద్దున అతను, జ్వరమొచ్చిన చిన్నపాపను ఎత్తుకుని, భార్యతో కలిసి మా ఆస్పత్రికి వచ్చాడు. ఈసారి గుర్తుపట్టాను. "అన్నీ ఇడిసిపెట్టినా సిస్టరమ్మా. చీనీతోట చూసుకుంటాండా" అన్నాడు. పాపకు మందులిప్పించి పంపేటప్పుడు, సారుకు ఇవ్వమని ఒక సంచీ నిండా చీనీకాయలు, అవే బత్తాయిలు, నా చేతిలో పెట్టాడు.

సాయంత్రం దాకా ఆగలేకపోయాను. సంచీ మోసుకుని బడికి పోయాను. మా ఆయన చాక్‌పీసు పట్టుకునే వరండాలోకి వచ్చాడు. సంగతి చెప్పాను.

"పాప బాగుందా?" అన్నాడు. బాగుందన్నాను. కళ్లు తుడుచుకుంటే చెంపలకు సుద్ద అంటింది. అట్లాగే క్లాసులోకి పోయాడు.