మునిగిన బొడ్రాయికి మొక్కు

జమ్మలమడుగు దగ్గరి రిజర్వాయరు గట్టు మీద మేం ఉదయం ఆరింటికి దిగాం. తుఫాను డ్యూటీ. ఎనిమిది మంది జవాన్లం, ఒక మోటారు బోటు, ఎనిమిది లైఫ్ జాకెట్లు. సన్నటి వాన, పిచ్చి గాలి. వేములలో మా ఇల్లు అక్కడికి రెండు గంటల దారి. నా సర్వీసులో ఇంటికి అంత దగ్గరగా డ్యూటీ ఎప్పుడూ పడలేదు. ఒక్క పూట సెలవడిగితే హవల్దారు నవ్వాడు. ఆ నవ్వుకు ఒళ్లు మండింది.

నాలుగో రోజు మధ్యాహ్నం మూడింటికి మా బోటు అవతలి ఒడ్డుకు మందులు తీసుకుపోయింది. జాకెట్లన్నీ దాంట్లోనే. అప్పుడే నీళ్ల మీద ఒక నాటుపడవ కనబడింది. ముంపు ఊరి కుటుంబం: కొత్త జంట, వరుడి తండ్రి, జేజి అని వాళ్లు పిలిచే నాయనమ్మ, పడవ నడిపేవాడు. పెళ్లయ్యాక ఊరి నడుమనున్న బొడ్రాయికి మొక్కాలి. రిజర్వాయరు కట్టినప్పుడే ఊరు నీళ్ల కింద మునిగింది కాబట్టి ఆ చోటికి పడవలో పోయి టెంకాయ కొడతారు. ముహూర్తం మించకూడదట! గాలికేం తెలుసు ముహూర్తం?

తండ్రి దూరపు గుట్టను చూసి బొడ్రాయి చోటు గుర్తుపట్టి "ఈడే" అన్నాడట. కుటుంబం నలుగురూ ఒకే పక్కకు లేచి దండం పెట్టారు. పడవ బోర్లాపడింది.

"జాకెట్ లేకుండా ఎవరూ దిగొద్దు," అన్నాడు హవల్దారు. వాకీటాకీలో బోటును పిలిస్తే "ఇరవై నిమిషాలు" అని జవాబు. మునిగేవాళ్లకు ఇరవై నిమిషాలెక్కడివి?

అరటితోటకు డ్రిప్పు పైపు చుట్టలు తీసుకుపోతున్న రైతు ట్రాక్టరు ఆపి కిందికి దూకాడు. "ఏందప్పా చూస్తాండారు? ఈ పైపు ఆ చేపలోళ్ల ట్యూబులకు కట్టండి!"

చేపలు పట్టే అన్నదమ్ములిద్దరు లారీ ట్యూబులతో నీళ్లలో పడ్డారు. మేం పైపు వదులుతూ, లాగుతూ ఉన్నాం. యూనిఫాం వేసుకుని ఒడ్డున నిలబడినందుకు నాకు శానా సిగ్గేసింది. పడవవాడు ఈదుకొచ్చాడు. తండ్రిని, జంటను ఒడ్డుకు లాగాం. జేజి రాలేదు.

"మా జేజి యాడ?" అని పెళ్లికొడుకు గుండెలు బాదుకున్నాడు.

అన్నదమ్ముల్లో పెద్దోడు మళ్లీ పోయాడు. బోర్లాపడిన పడవను కరుచుకొని ఉన్న ఆమెను ట్యూబు మీద వేసుకొచ్చాడు. నేను ఛాతీలోతు దిగి ఎత్తుకున్నాను. ఆర్డరు గంగలో కలిసింది.

రెండు రోజులకు డ్యూటీ ముగిసింది. ఇల్లు చూడకుండానే ముద్దనూరులో రైలెక్కాను. ఇప్పుడు రిటైరై వేములలోనే ఉన్నాను. అయినా ఆ జేజి నా చేతుల్లో పెనుగులాడుతూ నీళ్ల వైపు చెయ్యి చాచడం కళ్లముందు నుంచి పోదు.

"నన్ను యాడికి ఎత్తకపోతాండావు నాయనా? మా ఇల్లు ఆడుండాది."