రహస్య సేవకు డ్యూటీ చార్టు

మేలు చేస్తే ఎవరికీ తెలియకుండా చేయాలని ఒక ఆదివారం మా పాస్టరు అయ్యగారు ప్రసంగించారు. మంచి ప్రసంగమే. చిక్కల్లా, విన్నవాళ్లలో సగానికి పైగా ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైనవాళ్లు. వాళ్ల లెక్కన చార్టు ఎక్కని పని జరిగినట్టు కాదు. తరువాతి ఆదివారానికల్లా ట్రాఫిక్ కాలనీలోని మా తెలుగు చర్చి నోటీసు బోర్డు మీద 'రహస్య సేవ - డ్యూటీ చార్టు' అని ఒక కాగితం వెలిసింది.

తయారుచేసింది మా సంఘ కార్యదర్శి. వర్క్‌షాపులో పనివాళ్లకు డ్యూటీలు వేసే చార్జ్‌మన్‌గా చేసిన మనిషి. ఇంట్లో మనవల స్నానాలకు కూడా చార్టు వేస్తాడని చెప్పుకుంటారు. రహస్యం బయటపడకూడదని ఆయన చార్టులో పేర్లు రాయలేదు, టికెట్ నంబర్లు వేశాడు. హాజరు కోసం వర్క్‌షాపులో ప్రతి మనిషికీ ఇచ్చే నంబరు అది. ముప్పై ఏళ్లు పక్కపక్కన పనిచేసినవాళ్లు ఒకరి పేరు ఒకరు మరిచిపోవచ్చు గాని, నంబరు మరిచిపోరు. అందరూ బోర్డు ముందు నిలబడి గడగడా చదివేశారు.

"ఆస్పత్రికి పళ్లట్టుకెళ్లేది మా బావేరా."

"ముసలోళ్ల బట్టలు ఇస్త్రీ సేసేదెవులో సూసినావా? ఇంట్లో తన సొక్కా తను మడతెట్టుకోడు."

నేను పత్రికలో పనిచేసినవాణ్ణి కనుక నాకు నంబరు లేదు. కార్యదర్శి బాగా ఆలోచించి, చనిపోయిన మా నాన్న నంబరు నాకు కేటాయించాడు.

ఆ చార్టులో 'శనివారం ఉదయం, హాలు ఊడ్చుట' అన్న వరుస చూసి నాకు ఇబ్బందిగా అనిపించింది. ఆ పని అప్పటికే ఒకరు చేస్తున్నారు.

చర్చి వెనక వీధిలో కొడుకు దగ్గర ఉండే ముసలావిడ. నాకు చుట్టం కాదు, అయినా అక్కను పిలిచినట్టు అప్పా అని పిలుస్తాను. ప్రతి శనివారం తెల్లవారగానే, గొళ్లెం సరిగా పడని వెనక తలుపు తోసుకుని వస్తుంది. వారమంతా పేరుకున్న ఎర్రదుమ్ము ఊడ్చి, బల్లలు తుడిచి వెళ్లిపోతుంది. ఏళ్లుగా ఇదే వరస. స్త్రీల సమాజం చేయిస్తోందని మగవాళ్లు అనుకున్నారు. వాచ్‌మన్ చేస్తున్నాడని స్త్రీల సమాజం అనుకుంది. మాకు వాచ్‌మన్ లేడు.

నాకు ఈ సంగతి ఉదయపు నడకలో తెలిసింది. చర్చిలో ఎవరో ఎవరినో దులిపేస్తున్నట్టు వినబడితే లోపలికి తొంగిచూశాను. అప్ప ఊడుస్తూ దేవుడితో మాట్లాడుతోంది. "కోడలు టీవీ కట్టెయ్యదు. కొడుకు నోరెత్తడు. మరి నువ్వేటి సేస్తన్నావు?" అని నిలదీస్తోంది. నన్ను చూసి చీపురు దించి, ఎవరికీ చెప్పనని మాట తీసుకుంది.

"ఇంట్లో నా మాట ఇనేవోడు నేడు బాబూ. వారానికి ఈ గంటే నాది" అంది.

చార్టు అమల్లోకి వచ్చిన మొదటి శనివారం ముగ్గురు టికెట్ నంబర్లవాళ్లు బకెట్లతో దిగారు. అప్ప చీపురును కొంగు కింద దాచుకుని గోడవారగా వెనక్కి తిరిగింది. చీపురు సగం బయటికే కనిపిస్తోంది. ముగ్గురూ ఎవరు నీళ్లు పోయాలో, ఎవరు తుడవాలో గంటసేపు చర్చించుకుని టీకి వెళ్లారు.

"కార్యదర్శికి నేను చెబుతానప్పా" అన్నాను.

"సెప్పీకు. సెప్పినావంటే నాకూ ఓ నంబరిచ్చేస్తాడు."

"మరి శనివారాలు ఏం చేస్తావు?"

"ఏటి సేస్తాను. కోడలితో టీవీ సూస్తాను." ఆ మాట యావజ్జీవం పడ్డ మనిషిలా అంది.

ఊరివాళ్ల గుట్టు అచ్చువేసి జీతం తీసుకున్నవాడికి ఒక గుట్టు దాచడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. రెండు రోజులు ఆలోచించి కార్యదర్శి ఇంటికి వెళ్లాను.

"శనివారం హాలు నాకు వేసెయ్యండి. ప్రతివారం" అన్నాను.

"ప్రతివారమా? మీ బదులు దిగడానికి రిలీవరక్కర్నేదా?"

"అక్కర్లేదు."

ఆయన నా మోకాళ్లకేసి చూశాడు. "మెడికల్ ఫిట్టేనా రిపోర్టర్‌గారూ?"

"ప్రభువు చూసుకుంటాడు."

"ఠీక్ హై" అని రాసేసుకున్నాడు.

ఆనాటినుంచి అప్ప ఊడ్చేది, నేను మెట్లమీద కూర్చుని కాపలా కాసేవాణ్ణి. కార్యదర్శి పెట్టిన డ్యూటీ రిజిస్టరులో మాత్రం 'హాలు శుభ్రంగా ఉన్నది' అని రాసేవాణ్ణి. అది నేను కళ్లారా చూసిన వార్త. పక్క గడిలో మా నాన్న నంబరును ముందే వేసి ఉంచింది కార్యదర్శి.

సంవత్సరాంత సభలో ఆయన మైకు అందుకుని, రహస్య సేవలో ఉత్తముడికి సన్మానం అని నా పేరు పిలిచాడు. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. వెళ్లి నిలబడ్డాను. "ఈయన ఊడుస్తంటే ఇన్నాళ్లలో ఒక్కరూ సూడనేదు. రహస్య సేవంటే అదీ" అని శాలువా కప్పాడు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది అప్ప. తిరిగి వచ్చి కూర్చున్నాక మా ఆవిడ నా చెవిలో, "మనింట్లో చీపురెక్కడుంటాదో సెప్పండి సూద్దాం" అంది.

తరువాతి శనివారం అప్పకు క్షమాపణ చెప్పుకున్నాను. "నీకు దక్కాల్సింది నేను కప్పుకున్నాను."

"నాను బతికిపోనాను బాబూ. అంతమందిలో నిలబెట్టీసి సప్పట్లు కొడితే సిగ్గుతో సచ్చిపోదును. నా బదులు నువ్వు పడ్డావు." చీపురు అరచేతికేసి తట్టింది. "ఇంక బయట కూకో. ఆయనతో నాకు శానా పనుంది."

మెట్లమీద కూర్చున్నాను. కాసేపటికి కార్యదర్శి సైకిలు వచ్చి ఆగింది, తనిఖీకి.

"బయట కూకున్నారేటి?"

"నేల ఆరుతోందండీ."

ఆయన చెవి ఒగ్గాడు. "లోపలెవులో దెబ్బలాడతన్నట్టుంది?"

"ప్రార్థన జరుగుతోంది" అన్నాను. అది నిజమే.

ఆయన మొహం చిట్లించుకున్నాడు. "శనివారం పొద్దున్న ప్రార్థన డ్యూటీ ఎవులికీ ఎయ్యనేదే" అంటూ జేబులోంచి పెన్సిలు తీశాడు.

"అది కూడా నాకే రాసుకోండి" అన్నాను.