చిల్లు లేని ఆకు

బొమ్మిడిలో కదిరమ్మ పెరటి తోటకు పురుగే కాపలా. గట్ల చుట్టూ తెల్లగడ్డ (వెల్లుల్లి) నాటింది. ఆ ఘాటుకు సగం పురుగులు పోతాయి, తక్కిన సగాన్ని ఆమె తరమదు. పొద్దున్నే చెప్పులు విడిచి మడిలోకి దిగి, వంగ ఆకులు ఒక్కొక్కటే తిప్పి చూస్తుంది. ఆకుకు చిల్లు కనిపిస్తేనే కాయ కోస్తుంది. "పురుగు తిన్నదే మనం తినాల" అంటుంది. జ్వరంతో పది దినాలు మంచాన ఉండి, ఈరోజే తోటలోకి వచ్చింది. ఆకులన్నీ నిగనిగలాడుతున్నాయి. ఎక్కడా చిల్లు లేదు. ఒక ఆకు తుంచి చేత పట్టుకుని, వేలితో మట్టి తోడింది. వానపాములు ముద్దగా పడున్నాయి, ముట్టుకున్నా కదల్లేదు. తెల్లగడ్డ వాసన కూడా తెలియడం లేదు. కంచె అవతలి టమాటా తోట నుంచి గాలి పురుగుమందు కంపు మోసుకొస్తోంది. కోడలు శాలిని, ఏడో నెల కడుపు మీద చెయ్యి వేసుకుని, నవ్వుతూ వచ్చింది.

"చూస్తివా అత్తా, ఈ తూరి ఒక్క పురుగూ లేదు! వారం దినాలుగా నాకు రెండు పూటలా ఈ వంకాయే."

కదిరమ్మ చేతిలోని ఆకును వదల్లేదు.