అయోడిన్ తాగి ఇంటికొచ్చిన రోజులు

దువ్వాడలో ఒక జూనియర్ కాలేజీలో నేను ఫిజిక్స్ చెబుతాను. పరమాణువు పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మధ్యలో సూర్యుణ్ణి గీసి, చుట్టూ గ్రహాలు వేసేదాన్ని. తర్వాత సూర్యుణ్ణి చెరిపి కేంద్రకం అనీ, గ్రహాలను చెరిపి ఎలక్ట్రాన్లు అనీ రాసేదాన్ని. అది పూర్తిగా నిజం కాదని చెప్పేదాన్ని గానీ, బొమ్మ చూశాక ఆ మాట ఎవరి చెవికీ ఎక్కేది కాదు. నాకూ ఆ బొమ్మంటేనే ఇష్టం. అంత పెద్దవీ ఇంత చిన్నవీ ఒకే పద్ధతిలో తిరుగుతున్నాయనుకుంటే ఏదో ధైర్యంగా ఉండేది.

నిరుడు నాకు థైరాయిడ్ క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్ చేసి గ్రంథి తీసేశారు. ఎక్కడైనా క్యాన్సర్ కణాలు మిగిలి ఉంటే అవి చావడానికి రేడియో అయోడిన్, అంటే కిరణాలు వెదజల్లే అయోడిన్ మందు, తాగాలన్నారు.

"భయపడకమ్మా, ఈ జబ్బు ఎక్కువ మందికి నయమైపోతుంది" అన్నారు డాక్టరుగారు.

మా వాళ్ళందరూ ఊపిరి పీల్చుకున్నారు. నాకు అక్కడే భయం మొదలైంది. గ్రహణం ఎప్పుడు పడుతుందో ఎన్నో ఏళ్ళ ముందే లెక్క కట్టి చెప్పొచ్చు. గ్రహం ఒక్కటే అయినా దాని దారి తెలుస్తుంది. పరమాణువు అలా కాదు. ఆ అయోడిన్ ఎనిమిది రోజుల్లో సగానికి తరుగుతుందని ఖాయంగా చెప్పగలం. అందులో ఒక్క పరమాణువును పట్టుకుని, ఇది ఎప్పుడు విచ్ఛిన్నమవుతుందని అడిగితే చెప్పేవాళ్ళు లేరు. ఈ క్షణమే కావచ్చు, నెల తర్వాత కావచ్చు. తెలిసేది గుంపు సంగతే. డాక్టరుగారు చెప్పిందీ గుంపు సంగతే. నేను ఒక్కదాన్ని.

ఆసుపత్రిలో విడిగా ఒక గదిలో ఉంచి ఇచ్చిన ఆ మందు మంచినీళ్ళలాగే ఉంది. రంగు లేదు, వాసన లేదు. ఇచ్చినాయన నేను గ్లాసు ఎత్తగానే దూరం జరిగాడు. ఆ తర్వాత ఆ గదిలోకి మనిషి రాలేదు. మర్నాడు పొద్దున్న తలుపు అవతల నుంచి ఆయా గొంతు వినిపించింది.

"అమ్మా, ఇడ్లీ గుమ్మంకాడ ఎట్టేను. నాను అటెల్లేక తీసుకో. ఏటీ అనుకోకమ్మా, ఇంటికాడ సంటిపిల్ల ఉంది."

"ఏమీ అనుకోను, వెళ్ళు" అన్నాను. నాకూ మూడేళ్ళ కూతురుంది. అప్పటిదాకా జబ్బంటే భయపడ్డాను. ఆ పూట నుంచి నేనంటేనే నాకు భయం పట్టుకుంది.

సీతమ్మధారలో మా ఇంటికి వచ్చాక కూడా కొన్నాళ్ళు వేరే గదిలో ఉండాలన్నారు, ముఖ్యంగా పిల్లకు దూరంగా. మావారు పోర్టులో పనిచేస్తారు. ఆయన డ్యూటీకి వెళ్తూ నా గది గుమ్మానికి అడ్డంగా రెండు కుర్చీలు వేసి వెళ్ళేవారు. గోదావరి జిల్లా నుంచి మాతో పాటే వచ్చి ఉంటున్న మా అత్తగారు పిల్లను చూసుకునేవారు.

"మీ అమ్మ ఒంట్లోకి సూర్యుడు దూరాడే. దగ్గరకెళ్తే కాలుద్ది" అని ఆవిడ చెబుతుంటే లోపల్నుంచి విన్నాను. పిల్లను అలా భయపెట్టొద్దని అందామనుకుని ఊరుకున్నాను. భయముంటే రాదు కదా అనిపించింది.

మంచం అవతలి గోడకు జరుపుకున్నాను. దూరం రెట్టింపైతే తీవ్రత నాలుగో వంతు అవుతుంది. సూర్యుడి ఎండకూ ఆకర్షణకూ ఉన్న ఆ లెక్కే నాలోంచి వచ్చే కిరణాలకూ ఉంది. క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో. ఇప్పుడు గోడకు వీపు ఆనించుకుని, ఇంకొంచెం వెనక్కి జరిగే చోటు లేదే అనుకుంటూ కూర్చునేదాన్ని.

ఒక మధ్యాహ్నం అత్తగారు వంటింట్లో ఉన్నారు. మంచం అంచున కూర్చునే నాకు కునుకు పట్టింది. మోకాళ్ళ మీద మెత్తగా ఏదో తగిలి కళ్ళు తెరిచాను. పిల్ల కుర్చీల కింద నుంచి దూరి వచ్చి నా కాళ్ళు వాటేసుకుని ఉంది.

"కాలట్లేదమ్మా" అంది నవ్వుతూ.

 ఆలోచించలేదు, నెట్టేశాను. పక్కకు తూలి మంచంకోడుకు నుదురు కొట్టుకుంది. అది గుక్కపట్టి ఏడుస్తోంది. నేను ఎత్తుకోలేను. మంచం ఎక్కి గోడ మూలకు నక్కి అరిచాను.

"అత్తయ్యా! పిల్లని తీసుకెళ్ళండి, ముందు తీసుకెళ్ళండి!"

ఆవిడ పరుగున వచ్చి ఎత్తుకుపోయారు. డాక్టరుగారికి ఫోన్ చేశాను. 

"ఒక్క నిమిషం కూడా కాదు కదమ్మా, ఏం కాదు. పక్కలో వేసుకుని పడుకోవద్దన్నాం, అంతే" అన్నారాయన. 

గడువు అయిపోయి కుర్చీలు తీసేశారు. పిల్ల మాత్రం గుమ్మం దాటలేదు. నుదుటి మీద బొప్పితో అక్కడే నిలబడి చూసేది. పిలవడానికి నాకూ నోరు రాలేదు. చివరికి మా అత్తగారే దాన్ని చంకనేసుకుని వచ్చి, తన అరచెయ్యి నా చెంపకు ఆనించారు.

"చూడు, నన్ను కాల్చిందా? లేదుగా. ఏదీ, నువ్వూ ముట్టుకో."

అది చాలాసేపు ఆలోచించి ఒక వేలు చాపింది. ఆ వేలు తగిలే దాకా నేను కదలకుండా కూర్చున్నాను.

కొన్ని నెలల తర్వాత స్కాన్ తీశారు. "ప్రస్తుతానికి ఏమీ కనిపించడం లేదమ్మా" అన్నారు డాక్టరుగారు. ఆటోలో ఇంటికి వస్తూ మావారిని అడిగాను.

"ప్రస్తుతానికి అన్నారు, విన్నారా?"

"విన్నాను. ఏమీ లేదన్నదీ విన్నాను" అన్నారాయన, రోడ్డు వైపే చూస్తూ. నా చేతిని పట్టుకున్న ఆయన చెయ్యి చెమటతో తడిసిపోయి ఉంది.