పాయలకూర పువ్వు విచ్చేవేళ

మధ్యాహ్నపు ఎండకు బరంపురంలో మా బాల్కనీ గచ్చు కాలిపోతోంది. కాగిన మట్టి వాసన వస్తే అటు చూశాను. పగిలిన కుండలో పాయలకూర పూసింది. గోరంత పసుపు పువ్వు, కాసేపట్లో ముడుచుకుపోతుంది. అది విచ్చి ఉన్నంతసేపూ నేను గోపాలపూర్‌లో ఉంటాను, ఎర్రమ్మత్త పక్కన.

ఎర్రమ్మత్త మాకు చుట్టం కాదు. పక్కింట్లో ఉండేది, ఎండుచేపలు అమ్మేది. నేను పాత్రపూర్ రైతుల ఇంటి పిల్లను. మా ఆయనకు రేవులో పని దొరికితే గోపాలపూర్ వెళ్లాం. అప్పటికి మా పాపకు మూడేళ్లు నిండినా ఒక్క మాట రాలేదు. చెవులు బాగానే ఉన్నాయన్నారు డాక్టరుగారు. నాకు మాత్రం ఒకటే బెంగ. పొద్దున లేస్తూనే దాని గడ్డం పట్టుకుని "అమ్మ అను, అనవే" అని ప్రాణం తీసేదాన్ని. అది పెదవులు బిగించేసేది.

ఒకరోజు అత్త ఇసుకదిబ్బ మీద నుంచి ఓ పాయలకూర కొమ్మ తుంచుకొచ్చి మా కుండలో గుచ్చింది. "నీళ్లెక్కువ పొయ్యకు. ఎండకి దీనికేటీ అవదు. ఊరుకో, అంతే."

ఊరుకోవడమా, నేనా! రోజూ పైకి లాగి వేరు వచ్చిందో లేదో చూసేదాన్ని. నాలుగో రోజు దొరికిపోయాను.

"పీకకే! రైతు బిడ్డవేటే నువ్వు? రోజూ పీకి సూస్తే అదెలా నాటుకుంటాది?" ఒళ్లో ఉన్న పాప తల నిమిరి, గొంతు తగ్గించింది. "దీన్నీ అలాగే సేస్తన్నావు."

ఒళ్లు మండిపోయింది. రెండు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. కానీ పాపను 'అను' అనడం మానేశాను.

ఆ తర్వాతి మధ్యాహ్నాలన్నీ ఒకటే కలలా గుర్తున్నాయి. ముగ్గురం కుండ పక్కన గోడ నీడలో కూర్చునేవాళ్లం. అత్త చేపల బుట్ట బాగుచేసుకుంటూ సగం తెలుగు, సగం ఒడియా కలిపి ఏవేవో చెప్పేది. అవతల సముద్రం హోరు. పాప కళ్లప్పగించి వినేది. నాకు కునుకు పట్టేది.

ఓ రోజు కళ్లు తెరిచేసరికి మొదటి పువ్వు విచ్చి ఉంది. ఆనందం పట్టలేక చెయ్యి చాచాను. పాప నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"పీకకే!"

అచ్చం అత్త కసిరినట్టే. అత్త నవ్వి నవ్వి కళ్లొత్తుకుంది. నేను భోరున ఏడ్చేశాను.

ఎర్రమ్మత్త ఇప్పుడు లేదు. ఆ కుండ నాతో వచ్చింది. పాప కాలేజీకి వచ్చింది. నాలుగు రోజులుగా దేనికో దిగులుపడుతోంది, చెప్పదు. ఏమైందే అని అడగబోయి ఆ మాట నోట్లోనే ఆపుకున్నాను. రెండు గ్లాసుల్లో టీ పోసుకెళ్లి, కుండ దగ్గర నీడలో కూర్చున్న పాప పక్కన నేనూ కూర్చున్నాను.